పెద్ద ఎయిర్‌లైన్ చిన్న ప్రాంతీయ ఎయిర్‌లైన్‌ను కలుపుకోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

సూటిగా చెప్పండి. కలుపుకోవాలా, వద్దా?

చాలా సందర్భాల్లో వద్దు అనే నా జవాబు. అన్ని సందర్భాల్లోనూ కాదు. తేల్చుకోవడానికి ఓ మోటు పద్ధతి ఉంది. రెండు ఎయిర్‌లైన్ల రూటు మ్యాపులను పల్చటి కాగితాల మీద గీసి, ఒకదాని మీద ఇంకోటి పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. గీతల మీద గీతలు పడితే పెద్ద ఎయిర్‌లైన్ కొంటున్నది తన పోటీదారును. ఆ లాభం చివరికి ప్రయాణికుడి జేబులోంచే రావాలి. గీతలు చివర్లలో మాత్రమే కలిస్తే, కొంటున్నది తనకు లేని ఊళ్లను. అప్పుడు విలీనానికి కొంత అర్థం ఉంది. అయితే ఆ మాత్రం పని ఓ ఒప్పందంతో కాదా అనే రెండో ప్రశ్న వెంటనే వస్తుంది. దానికి కూడా గట్టి జవాబు ఉంటేనే ముందుకెళ్లాలి.

విలీనం, వాటా కొనడం, కోడ్‌షేర్... అన్నీ ఒకటేనా?

కాదు. కోడ్‌షేర్ అంటే టికెట్ మీద నంబరు పెద్ద ఎయిర్‌లైన్‌ది, మీరెక్కే విమానం చిన్న ఎయిర్‌లైన్‌ది. ఎవరి లాభనష్టాలు వాళ్లవే. వాటా కొంటే లాభంలో పాలు వస్తుంది, బోర్డులో ఓ కుర్చీ దొరకొచ్చు. పూర్తి విలీనం ఈ రెండింటికీ చాలా దూరం. రెండు ఆపరేటర్ సర్టిఫికెట్లు (విమానాలు నడిపే లైసెన్సులు) ఒకటి కావాలి, రెండు రిజర్వేషన్ సిస్టమ్‌లు ఒకటి కావాలి, రెండు పైలట్ల సీనియారిటీ లిస్టులు ఒకటి కావాలి. యజమాని ఒక్కడే అయి పేర్లు రెండూ అలాగే ఉండిపోవడం మధ్యస్థం. ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్‌ఎం 2004లో ఒకే గొడుగు కిందికి వచ్చాయి కానీ ఇప్పటికీ వేర్వేరు పేర్లతోనే ఎగురుతున్నాయి.

పెద్ద ఎయిర్‌లైన్‌కు నిజంగా కలిసొచ్చేది ఏమిటి?

మొదటిది హబ్ లెక్క. హబ్ అంటే ప్రయాణికులు ఒక ఫ్లైట్ దిగి ఇంకో ఫ్లైట్ ఎక్కే ప్రధాన ఎయిర్‌పోర్టు. ఒక హబ్ నుంచి 20 ఊళ్లకు ఫ్లైట్లు ఉన్నాయనుకోండి. హబ్‌తో కలిపి 21 చోట్లు. వాటి మధ్య అమ్మగలిగే ప్రయాణాలు 210 జతలు. చిన్న ఎయిర్‌లైన్ అదే హబ్‌కు మరో 10 ఊళ్లను తెస్తే జతలు 465 అవుతాయి. చేరినవి పది ఊళ్లే, పెరిగినవి 255 జతలు. వీటిలో చాలా వాటికి రోజుకు ఇద్దరు ముగ్గురు ప్రయాణికులే ఉండొచ్చు. కానీ ఆ ఇద్దరు ముగ్గురే పెద్ద విమానంలో ఖాళీగా పోయే సీట్లను నింపుతారు. విలీనం గురించి చెప్పే వాదనలన్నింటిలో నాకు నిజాయితీగా కనిపించేది ఇదొక్కటే.

రెండోది స్లాట్లు. రద్దీ ఎయిర్‌పోర్టుల్లో విమానం దిగడానికి, లేవడానికి కేటాయించిన సమయాలు ఎంత డబ్బు పెట్టినా కొత్తగా పుట్టవు. ఉన్నవాళ్ల దగ్గర తీసుకోవాల్సిందే. 2012లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ మాతృసంస్థ ఐఏజీ, లుఫ్తాన్సా నుంచి బీఎంఐ అనే బ్రిటిష్ ఎయిర్‌లైన్‌ను 17.25 కోట్ల పౌండ్లకు కొన్నది. కొన్నది విమానాల కోసం కాదు, పేరు కోసం అసలే కాదు. లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టులో బీఎంఐకి ఉన్న స్లాట్ల కోసం. యూరోపియన్ కమిషన్ అనుమతి ఇస్తూ రోజుకు 14 జతల స్లాట్లను పోటీదారులకు వదలమంది. మిగిలినవి తన దగ్గర ఉంచుకుని, బీఎంఐలోని చవక విభాగం బీఎంఐ బేబీని ఐఏజీ మూసేసింది, ప్రాంతీయ విభాగాన్ని అమ్మేసింది. కొన్నవాడికి ఏం కావాలో తెలిసి కొన్న బేరం అది.

మూడోది శిక్షణ పొందిన పైలట్లు, మెకానిక్‌లు, హ్యాంగర్లు. కొరత కాలంలో వీటికి విలువ ఎక్కువ. మిగతా రోజుల్లో పెద్దగా లెక్కలోకి రావు.

చిన్న ఎయిర్‌లైన్ చౌకగా నడుస్తోంది. కొంటే ఆ చౌకదనం కూడా వస్తుంది కదా?

రాదు. బోర్డు రూముల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

డెబ్భై సీట్ల ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్) విమానం చిన్న ఊరికి రోజుకు రెండుసార్లు వెళ్లి లాభం తెస్తోందంటే దానికి కారణాలు చాలా చిన్నచిన్నవి. పైలట్ జీతం తక్కువ. కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ ఇచ్చిన మనిషే కాసేపటికి గేటు దగ్గర కనిపిస్తాడు. బ్యాగులు ఎక్కించేది కూడా తనే కావచ్చు. హెడ్డాఫీసులో అంతస్తులు లేవు. అంటే దాన్ని చౌకగా ఉంచింది దాని చిన్నతనమే. పెద్దదాంట్లో కలిసిన రోజు నుంచి ఒకే యూనిఫాం, ఒకే గుర్తింపు కార్డు. 'అదే యూనిఫాం వేసుకుని సగం జీతమేమిటి?' అని అడగడం న్యాయం. ఒక్కో ఒప్పందంతో జీతాలు పైకి జరుగుతాయి. పనులు విభాగాల వారీగా విడిపోతాయి. రెండు మూడేళ్లకు అదే విమానం, అదే రూటు, అవే డెబ్భై సీట్లు నష్టంలో కనిపిస్తాయి. అప్పుడు ఆ రూటు తీసేస్తారు. దేనికోసం కొన్నారో అదే పోతుంది.

1999 నాటి రెనో ఎయిర్ అనే చిన్న అమెరికా ఎయిర్‌లైన్ కథ ఇలాంటిదే. అమెరికన్ ఎయిర్‌లైన్స్ దాన్ని సుమారు 12.4 కోట్ల డాలర్లకు కొన్నది. రెనో పైలట్ల జీతాలు బాగా తక్కువ. వాళ్లను తమ స్థాయికి వెంటనే తేకపోతే కంపెనీలోనే ఓ చవక కంపెనీ తయారవుతుందని అమెరికన్ పైలట్లకు అనుమానం. ఆ ఫిబ్రవరిలో 'ఒంట్లో బాగా లేదు' అంటూ మూకుమ్మడిగా సెలవు పెట్టారు. ఆరు వేలకు పైగా ఫ్లైట్లు రద్దయ్యాయి. కోర్టు మాట వినలేదని పైలట్ల యూనియన్‌కు 4.5 కోట్ల డాలర్లకు పైగా జరిమానా పడింది. కంపెనీ తన నష్టాన్ని 20 కోట్ల డాలర్లకు పైగా లెక్కవేసుకుంది. కొన్న ధర కంటే గొడవ ఖరీదే ఎక్కువైంది.

పైలట్ల సీనియారిటీకి ఇంత రాద్ధాంతం ఎందుకు? జీతాలు సరిచేస్తే పోదా?

బయటివాళ్లకు ఇది అర్థం కావడం కష్టం. పెద్ద ఎయిర్‌లైన్లలో చాలాచోట్ల పైలట్ జీవితమంతా లిస్టులో ఓ నంబరు. ఏ విమానం నడపాలి, ఏ ఊళ్లో ఉండాలి, కుడి సీటా (కో-పైలట్) ఎడమ సీటా (కెప్టెన్), పండక్కి ఇంట్లో ఉంటాడా హోటల్లో ఉంటాడా, కంపెనీ మనుషుల్ని తగ్గించుకుంటే ముందు ఎవరు పోతారు... అన్నీ ఆ నంబరును బట్టే. ఎంత బాగా నడిపినా నంబరు ముందుకు జరగదు. పైవాళ్లు రిటైరైతేనే జరుగుతుంది.

ఇప్పుడు రెండు లిస్టుల్ని ఒకటి చేయాలి. చేరిన తేదీ ప్రకారం కలిపితే పాత కంపెనీ వాళ్లంతా పైకి వస్తారు. హోదా ప్రకారం, కెప్టెన్‌ను కెప్టెన్ పక్కన పెట్టి కలిపితే, వేగంగా పెరిగిన కంపెనీలోని కుర్రాళ్లు పైకి వస్తారు. రెండూ న్యాయమే, రెండూ అన్యాయమే. 2005లో అమెరికా వెస్ట్, యూఎస్ ఎయిర్‌వేస్ కలిసినప్పుడు మధ్యవర్తి 2007లో ఓ లిస్టు ఇచ్చారు. యూఎస్ ఎయిర్‌వేస్‌లో పదహారు, పదిహేడేళ్ల కిందట చేరిన కొందరు, అమెరికా వెస్ట్‌లో కొన్ని నెలల ముందు చేరినవాళ్ల కంటే కిందికి పోయారు. వాళ్లు ఊరుకుంటారా? పాత యూనియన్‌ను తోసేసి 2008లో కొత్త యూనియన్ పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి ఒకే కంపెనీలో రెండు గుంపులు విడివిడిగా విమానాలు నడిపాయి. 2013లో అమెరికన్‌తో మరో విలీనం వచ్చేదాకా ఆ గాయం మానలేదు.

అమెరికాలోని డెల్టా ఎయిర్‌లైన్స్ వాళ్లు దీన్ని చూసి నేర్చుకున్నారేమో. 2008లో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌ను కలుపుకునేటప్పుడు, లావాదేవీ పూర్తి కాకముందే రెండు పక్షాల పైలట్లతో ఉమ్మడి ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆ ఏడాది చివరికల్లా సీనియారిటీ కూడా తేలిపోయింది. ఆ విలీనం మిగతా వాటి కంటే సాఫీగా సాగడానికి పెద్ద కారణం ఇదే అంటాను.

టికెట్ ధరలు పెరుగుతాయా?

రెండు కంపెనీలే నడిపే రూటులో ఒకటి మిగిలితే పెరుగుతాయి. దీనికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. ఐదారు కంపెనీలు ఉన్న రూటులో ఒకటి తగ్గితే తేడా పెద్దగా తెలియకపోవచ్చు. అందుకే నియంత్రణ సంస్థలు దేశం మొత్తం మీద వాటా ఎంత అన్నది ఒక్కటే చూడవు, ఒక్కో జత ఊళ్లనూ విడిగా చూస్తాయి. ఐర్లండ్‌కు చెందిన రయనెయిర్, అక్కడిదే అయిన ఏర్ లింగస్‌ను కొంటానంటే యూరోపియన్ కమిషన్ 2007లో ఒకసారి, 2013లో ఇంకోసారి కాదంది. డబ్లిన్ కేంద్రంగా ఆ రెండూ తలపడే రూట్లు పదుల సంఖ్యలో ఉన్నాయి. అదే ఏర్ లింగస్‌ను 2015లో ఐఏజీ కొంటే, కొన్ని షరతులతో ఒప్పుకుంది. కంపెనీ అదే, కొనేవాళ్లు మారారు, గీతలు పడే చోట్లు మారాయి.

అమెరికాలో జెట్‌బ్లూ, స్పిరిట్ ఎయిర్‌లైన్ల విలీనాన్ని కోర్టు ఆపేస్తే స్పిరిట్ దివాలా తీసింది. ఆపడం తప్పు కాదా?

ఈ మధ్య అందరూ అడిగేది ఇదే. 380 కోట్ల డాలర్ల ఆ బేరాన్ని 2024 జనవరిలో ఫెడరల్ జడ్జి అడ్డుకున్నారు. స్పిరిట్ అదే ఏడాది నవంబరులో దివాలా రక్షణ (అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ) కోరింది, 2025 ఆగస్టులో మళ్లీ కోరింది. 'చూశారా, కలవనిచ్చి ఉంటే బతికేది' అనేవాళ్లున్నారు.

నేను పూర్తిగా ఒప్పుకోను. జెట్‌బ్లూ ఆలోచన ప్రకారం స్పిరిట్ విమానాల్లో సీట్లు తగ్గించి, తన రంగు వేసి, తన పద్ధతిలో నడపాలి. అంటే స్పిరిట్ అనే చవక ఎయిర్‌లైన్ ఆ దారిలో కూడా కనుమరుగయ్యేదే. తేడా ఎక్కడంటే, పడిపోయిన కంపెనీ విమానాలు, గేట్లు ఎవరికైనా పోవచ్చు. విలీనమైతే అన్నీ ఒక్కరికే. ఇంకో సంగతి. జెట్‌బ్లూ కూడా అప్పుడు నష్టాల్లోనే ఉంది. ఈత రానివాడు మునిగేవాణ్ణి రక్షించడానికి దూకితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అయితే అవతలి వాదనలో ఒక మాట నిజం. 'పోటీ మిగలాలి' అని ఆపేటప్పుడు ఆ పోటీదారు ఇంకా ఎన్నాళ్లు నిలబడగలదో కూడా లెక్కించాలి. ఆరు నెలల్లో మూతపడే కంపెనీని పోటీ అని పిలవడం కాగితం మీద లెక్కే.

మరి అప్పుల్లో ఉన్న చిన్న ఎయిర్‌లైన్ చౌకగా వస్తుంటే కొనేయొచ్చా?

చౌకగా వచ్చిందంటే దానికో కారణం ఉంటుంది. జెట్ ఎయిర్‌వేస్ 2007లో ఎయిర్ సహారాను 1,450 కోట్ల రూపాయలకు తీసుకుని జెట్‌లైట్ అని పేరు మార్చింది. అదే సమయంలో కింగ్‌ఫిషర్, ఎయిర్ డెక్కన్‌ను తీసుకుంది. అప్పట్లో విదేశాలకు ఎగరాలంటే ఐదేళ్ల అనుభవం, 20 విమానాలు ఉండాలనే నిబంధన. కింగ్‌ఫిషర్ మొదలైంది 2005లో, డెక్కన్ 2003లో. డెక్కన్ వయసును అడ్డుపెట్టుకుని కింగ్‌ఫిషర్ 2008లో లండన్‌కు ఎగిరింది. దాంతోపాటు డెక్కన్ నష్టాలు కూడా వచ్చి పడ్డాయి. అసలు సమస్య ఇంకోటి. వైభోగానికి పేరుపడ్డ కంపెనీకి, రైలు టికెట్‌తో పోటీపడే కంపెనీని ఎలా నడపాలో తెలియదు. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది, 2019 ఏప్రిల్‌లో జెట్ ఆగిపోయింది. ఈ రెండు పతనాలకు విలీనాలే కారణం అనను, ఇంధన ధరలు, అప్పులు, యాజమాన్యం అన్నీ ఉన్నాయి. కానీ బలం కావాల్సిన సమయంలో బరువు ఎత్తుకున్నారన్నది మాత్రం వాస్తవం.

చిన్న ఊళ్లకు ఫ్లైట్లు ఉంటాయా, పోతాయా?

విలీనం ప్రకటించిన రోజు 'ఒక్క రూటు కూడా తగ్గించం' అంటారు. అబద్ధం చెప్తున్నారని అనను. ఆ రోజుకు అదే నమ్ముతారు. తర్వాత ఇంధనం పెరుగుతుంది, సీఈవో మారతాడు, పక్కపక్కనే రెండు హబ్‌లు ఎందుకని ఎవరో అడుగుతారు. నార్త్‌వెస్ట్‌కు మెంఫిస్ హబ్. అట్లాంటా దగ్గర్లోనే ఉంది. విలీనమైన ఐదేళ్లకు, 2013లో డెల్టా మెంఫిస్‌ను హబ్‌గా వదిలేసింది.

కాలిఫోర్నియాలో పీఎస్‌ఏ అని ఓ ఎయిర్‌లైన్ ఉండేది. విమానాల ముక్కు కింద నవ్వుతున్న నోరు గీసి ఉండేది. నల్లటి గీత, రెండు చివర్లు పైకి. రన్‌వే మీద ఎదురుగా వస్తుంటే విమానం మనల్ని చూసి నవ్వినట్టే. 1987లో తూర్పు తీరపు యూఎస్‌ఎయిర్ దాన్ని కొన్నది, 1988లో కలిపేసింది, నవ్వుల మీద రంగు కొట్టింది. కొన్నేళ్లలోనే ఆ పశ్చిమ తీరపు రూట్లలో చాలావరకు వదిలేసుకుంది. ఆ ఖాళీలోకి సౌత్‌వెస్ట్ దర్జాగా వచ్చి కూర్చుంది. తూర్పున కూర్చుని పశ్చిమాన గంటకో ఫ్లైట్ నడిపే వ్యాపారం చేయలేకపోయారు.

మాటల కంటే షరతులే నమ్మదగ్గవి. అలాస్కా, హవాయన్ విలీనం 2024 సెప్టెంబరులో పూర్తయింది. మొత్తం బేరం 190 కోట్ల డాలర్లు, అందులో 90 కోట్లు హవాయన్ అప్పులే. దీవుల మధ్య అవసరమైన సర్వీసులు కొనసాగించాలని, ప్రయాణికులు కూడబెట్టుకున్న పాయింట్ల విలువ తగ్గించకూడదని అమెరికా రవాణా శాఖ ఆరేళ్లపాటు వర్తించే షరతులు పెట్టింది. రెండు పేర్లూ ఉంచుతామని అలాస్కా తనంతట తానే చెప్పింది. ఆరేళ్ల తర్వాత సంగతి ఆరేళ్ల తర్వాతే తెలుస్తుంది.

విమానాలు వేర్వేరు రకాలైతే?

ఖర్చు. ప్రతి రకానికీ విడి పైలట్లు, విడి విడిభాగాలు, విడి సిమ్యులేటర్. సౌత్‌వెస్ట్ 2011లో ఎయిర్‌ట్రాన్‌ను కొన్నప్పుడు దాని 88 బోయింగ్ 717లు తన 737ల మధ్య ఇమడలేదు. వాటిని డెల్టాకు లీజుకిచ్చి చేతులు దులుపుకుంది. అలాస్కా 2016లో వర్జిన్ అమెరికాను కొని, ఎయిర్‌బస్‌లను ఏళ్ల తరబడి మోసి, 2023లో గానీ వదిలించుకోలేకపోయింది.

వర్జిన్ బేరంలో ఇంకో చిత్రం ఉంది. ఆ పేరును 2018లోనే పక్కన పెట్టేసినా, పేరు వాడినా వాడకపోయినా ఏడాదికి సుమారు 80 లక్షల డాలర్లు 2039 దాకా కట్టాలని లండన్ హైకోర్టు 2023లో తీర్పిచ్చింది. పాత ఒప్పందంలో అలా రాసి ఉంది. కొనేముందు పాత కాగితాలు ఎందుకు చదవాలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కంప్యూటర్ సిస్టమ్‌లు కలపడం చిన్న పనే కదా?

2012 మార్చి 3న యునైటెడ్ ఇదే అనుకుని ఉంటుంది. కాంటినెంటల్ వాడే సిస్టమ్‌కు ఒక్క రాత్రిలో మారింది. పాత సిస్టమ్‌లో వేళ్లే పని చేసుకుపోయే ఏజెంట్లు తెల్లారేసరికి కొత్త స్క్రీన్ ముందు ఒక్కో కమాండ్ వెతుక్కుంటున్నారు. కియోస్క్‌లు మొరాయించాయి, క్యూలు పెరిగాయి. ఆ ఏడాదంతా ఆలస్యాల టెన్షనే. అదే కంపెనీలో ఫ్లైట్ అటెండెంట్లకు ఉమ్మడి ఒప్పందం కుదిరింది 2016లో. విలీనమేమో 2010లో.

బుక్ చేసిన టికెట్, పోగైన పాయింట్ల సంగతి?

టికెట్ చెల్లుతుంది. ఫ్లైట్ నంబరు, టైము మారొచ్చు, మెయిల్ చూసుకుంటూ ఉండండి. పాయింట్లు సాధారణంగా కొత్త ఖాతాలోకి వస్తాయి. సంఖ్య తగ్గదు, కానీ ఒక టికెట్‌కు కావాల్సిన పాయింట్లు నెమ్మదిగా పెరుగుతాయి. వాడుకోగలిగితే ముందే వాడేసుకోండి.

విలీనం వల్ల ఇంత ఆదా అని కంపెనీలు చెప్పే అంకెలు నమ్మొచ్చా?

వాటిని రెండుగా చీల్చి చూడండి. ఖర్చు తగ్గడం వల్ల వచ్చేది కొంత, ఆదాయం పెరగడం వల్ల వచ్చేది కొంత. ఒకే ఊళ్లో రెండు ఆఫీసులు ఒకటైతే మిగిలే అద్దె నిజమైన ఆదా. 'ఆదాయం పెరుగుతుంది' అన్నచోట ఆగండి. కొత్త జతల ఊళ్లకు టికెట్లు అమ్మడం వల్లా, పోటీ పోయి ధర పెంచడం వల్లా? కంపెనీలు ఈ రెండింటినీ ఒకే అంకెలో కలిపేస్తాయి. పైగా ఆదా ఏటేటా వస్తుందని చెప్తారు, కలిపే ఖర్చు మాత్రం 'ఒక్కసారే' అంటారు. ఆ ఒక్కసారి ఎన్నేళ్లు సాగిందో పైన చూశారు.

అయితే ఎప్పుడు 'సరే' అనొచ్చు?

నా లెక్కలో రెండే సందర్భాలు. చిన్న ఎయిర్‌లైన్ దగ్గర ఒప్పందంతో దొరకనిది, డబ్బుతో కొత్తగా కట్టలేనిది ఉన్నప్పుడు. బీఎంఐ స్లాట్లలాగా. లేదా చిన్న ఎయిర్‌లైన్ నిజంగానే చివరి దశలో ఉండి, పోటీకి తక్కువ దెబ్బ తగిలేలా కొనే ఇంకో కొనుగోలుదారు దొరకనప్పుడు. ఈ రెండో సందర్భంలో కూడా కొనేవాడి జేబు నిండుగా ఉండాలి.

మిగతా వాటికి కోడ్‌షేర్ చాలు. అది కుదరకపోతే ఓ వాటా చాలు. చిన్న ఎయిర్‌లైన్ విడిగా ఉంటేనే దాని ఖర్చులు చిన్నగా ఉంటాయి, పెద్ద ఎయిర్‌లైన్‌కు ప్రయాణికులూ వస్తారు. కోడ్‌షేర్‌కు ఓ బలహీనత ఉంది, దాచను. రేపు ఆ చిన్న ఎయిర్‌లైన్‌ను పోటీదారు కొనేస్తే మీ ఊళ్లన్నీ ఒక్క రోజులో పోతాయి. చాలా విలీనాల వెనక అసలు కారణం ఈ భయమే, బయటికి చెప్పరంతే. ఒప్పందంలో 'అమ్మేటట్టయితే ముందు మమ్మల్ని అడగాలి' అనే షరతు రాయించుకుంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

నేను వాటాదారుణ్ణి. ఓటు వేసే ముందు యాజమాన్యాన్ని ఏం అడగాలి?

రూటు మ్యాపు అడగండి, రెండు కంపెనీలూ నడిపేవి విడి రంగులో చూపించమనండి. పైలట్ల యూనియన్లతో మాట్లాడారా అని అడగండి. సంతకాల తర్వాత మాట్లాడతాం అంటే ఆ జవాబు సరిపోదు. డెబ్భై సీట్ల విమానాన్ని పెద్ద ఎయిర్‌లైన్ జీతాలతో నడిపితే ఒక్కో సీటుకు ఎంతవుతుందో లెక్క చూపించమనండి. చిన్న ఎయిర్‌లైన్ ఇప్పుడిస్తున్న జీతాలతో వేసిన లెక్క చూపిస్తే, కాగితం తిరిగి వాళ్ల చేతికే ఇచ్చేయండి.